అలెక్స్ సాల్మండ్ మీద సెమినార్ పేపర్: 'స్కాట్లండ్ కేసీఆర్' అనొచ్చా?

ఓరుగల్లు_పిల్లగాడు:

నమస్తే. ఎంఏ పొలిటికల్ సైన్స్ సెమినార్‌ల 20 నిమిషాల పేపర్ చదవాలె. అంశం స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ) నాయకుడు అలెక్స్ సాల్మండ్. పుట్టింది 1954ల, స్కాట్లండ్ ఫస్ట్ మినిస్టర్ (అక్కడి ప్రభుత్వ పెద్ద) అయింది 2007ల, స్వతంత్ర దేశం కావాల్నా అని రెఫరెండం (జనం ఓటింగ్) 2014ల, చనిపోయింది 2024ల. తేదీలన్నీ దొరికినయి. అవే వరుసబెట్టి చదివితే బయోడేటా అయితది గని పేపర్ కాదు.

నాకు అర్థం కాంది ఒకటి, ఓట్ల లెక్క. 1992ల 21 శాతం ఓట్లకు మూడు సీట్లే వచ్చిన పార్టీ, 2011ల 45 శాతానికే పూర్తి మెజారిటీ ఎట్ల తెచ్చుకుంది? మెజారిటీ రాకుండా ఉండేటట్టే ఆ ఎన్నికల పద్ధతి పెట్టిన్రని అంటరు గదా. రెండోది, రెఫరెండం పెట్టే అధికారం అసలు ఎవరిది? మూడోది శీర్షిక సంగతి. 'స్కాట్లండ్ కేసీఆర్' అని పెడుదామనుకుంటున్న. మనకు రాష్ట్రం వచ్చింది 2014 జూన్‌ల, అక్కడ ఓటింగ్ అయింది అదే ఏడు సెప్టెంబర్‌ల. పోలిక నిలుస్తదా? తెలిసిన అన్నలు చెప్పండి.

కోటగోడ:

ముందు రెండు చిన్న విషయాలు. వేదిక మీద చదివేటప్పుడు ఇవే పట్టిస్తాయి. ఆ పేరులో ఎల్ పలకరు. మన పత్రికల్లో సాల్మండ్ అని రాస్తారు కానీ పలకడం 'సామండ్'. రెండోది, ఫస్ట్ మినిస్టర్‌ను ప్రధానమంత్రి అనవద్దు, ముఖ్యమంత్రి అని కూడా అనవద్దు. ప్రధాని లండన్‌లో ఉంటాడు. ముఖ్యమంత్రి అంటే వినేవాళ్లకు మన సమాఖ్య గుర్తొస్తుంది, బ్రిటన్ సమాఖ్య దేశం కాదు. స్కాట్లండ్ పార్లమెంట్ అధికారాలన్నీ వెస్ట్‌మినిస్టర్, అంటే లండన్‌లోని బ్రిటన్ పార్లమెంట్, 1998లో చేసిన స్కాట్లండ్ చట్టం ఇచ్చినవి. ఈ ఒక్క మాట మొదట్లో చెప్పి పెట్టుకుంటే నీ రెండో ప్రశ్న సగం తేలిపోతుంది.

ఇక జీవితం. లిన్‌లిత్‌గోలో 1954 డిసెంబర్ 31న పుట్టాడు. సెయింట్ ఆండ్రూస్‌లో అర్థశాస్త్రం, మధ్యయుగ చరిత్ర చదివాడు. 1973లో పార్టీలో చేరాడు. ప్రభుత్వంలో ఆర్థికవేత్తగా కొంతకాలం చేసి, 1980లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌కు వెళ్లి అక్కడ చమురు లెక్కలు చూశాడు. ఈ ఉద్యోగాన్ని ఒక వాక్యంతో దాటెయ్యకు. ఉత్తర సముద్రపు చమురు స్కాట్లండ్‌దే అన్న నినాదంతో పార్టీ 1974 అక్టోబర్ ఎన్నికల్లో 30 శాతం ఓట్లు, 11 సీట్లు తెచ్చుకుంది. ఆ నినాదానికి బ్యారెల్ ధరలతో, పన్ను లెక్కలతో జవాబు చెప్పగల మనిషి ఆ పార్టీకి ఇతని రూపంలో దొరికాడు.

1979 మీద బాగా ఆగు. ఆ మార్చి 1న స్కాట్లండ్‌కు శాసనసభ కావాలా అని రెఫరెండం పెట్టారు. పోలైన ఓట్లలో 51.6 శాతం కావాలన్నారు. అయినా సభ రాలేదు. మొత్తం ఓటర్లలో 40 శాతం 'అవును' అనాలని చట్టంలో షరతు ఉంది. పోలింగ్ దాదాపు 64 శాతమే కాబట్టి ఆ 51.6 మొత్తం ఓటర్లలో 32.9 దగ్గర ఆగిపోయింది. అంటే ఇంట్లో కూర్చున్నవాడి ఓటు 'వద్దు' కింద జమ అయినట్టే. అదే నెల 28న ప్రధాని కాలహన్ లేబర్ ప్రభుత్వం అవిశ్వాసంలో 311-310తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. స్కాటిష్ నేషనల్ పార్టీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసింది. తర్వాతి ఎన్నికల్లో 11 సీట్లు రెండయ్యాయి.

సామండ్ రాజకీయం ఆ దెబ్బలోంచే పుట్టింది. పార్టీని వామపక్షం వైపు తిప్పాలన్న '79 గ్రూప్'లో ఉన్నందుకు 1982లో పార్టీ బయటికి పంపింది, కొద్దికాలానికే మళ్లీ తీసుకుంది. 1987లో బాన్ఫ్ అండ్ బకన్ నుంచి ఎంపీ. 1988 మార్చిలో ఆర్థిక మంత్రి లాసన్ బడ్జెట్ ప్రసంగం మధ్యలో లేచి అడ్డుకున్నాడు. ధనవంతుల ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 40 శాతానికి తగ్గిస్తున్న బడ్జెట్ అది. అప్పటికే స్కాట్లండ్‌లో పోల్ టాక్స్ (మనిషికింత అని వేసే పన్ను) రాబోతోంది, అదీ ఇంగ్లండ్ కంటే ఏడాది ముందు. సభ నుంచి వారం సస్పెండ్ చేశారు. దేశమంతా పేరు తెలిసింది ఆ వారంలోనే. 1990లో పార్టీ నాయకుడయ్యాడు.

పార్టీలో అప్పుడు రెండు దారులు. ఒకటి, స్వాతంత్ర్యం తప్ప మరేదీ ముట్టుకోవద్దన్నది. రెండోది, మెట్టు మెట్టుగా పోదామన్నది. ఇతను రెండో దారి. 1997లో లేబర్ ప్రభుత్వం స్కాట్లండ్ పార్లమెంట్ కోసం రెఫరెండం పెడితే, అది స్వాతంత్ర్యం కాకపోయినా లేబర్ నేత డొనాల్డ్ డ్యూవర్ పక్కన నిలబడి 'అవును' అని ప్రచారం చేశాడు. 74.3 శాతం మద్దతు వచ్చింది. ఈసారి 40 శాతం షరతు లేదు. నీ పేపర్‌కు వెన్నెముక ఈ ఘట్టమే. ఆ పార్లమెంటే లేకపోతే 2007 లేదు, 2014 లేదు.

మానేరు_ఒడ్డు:

ఓట్ల లెక్క నేను చెప్త తమ్మీ.

ముందుగాల వెస్ట్‌మినిస్టర్‌ది, హోలీరూడ్‌ది (స్కాట్లండ్ పార్లమెంట్‌ది) కలపకు. నువ్వు చెప్పిన 1992 వెస్ట్‌మినిస్టర్ ఎన్నిక, మన లోక్‌సభ లెక్కనే, ఎక్కువ ఓట్లు వచ్చినోడే గెలుస్తడు. ఓట్లు రాష్ట్రమంతా పలుచగ పరుచుకున్న పార్టీకి ఆ పద్ధతిల సీట్లు రావు. అందుకే 21.5 శాతానికి 72ల మూడే. అదే పద్ధతి 2015ల తిరగబడ్డది, 50 శాతం ఓట్లకు 59ల 56. ఒక గీత దాటేదాక ఏం రాదు, దాటినంక అంతా వస్తది.

స్కాట్లండ్ పార్లమెంట్‌ల ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి నియోజకవర్గానికి, అట్ల 73 సీట్లు. రెండోది పార్టీ లిస్ట్‌కు. రాజ్యాన్ని 8 ప్రాంతాలు చేసి ఒక్కోదానికి 7 లిస్ట్ సీట్లు ఇచ్చిన్రు, 56. మొత్తం 129, మెజారిటీకి 65. లిస్ట్ సీట్లు పంచే సూత్రం ఇది: ఆ ప్రాంతంల పార్టీకి వచ్చిన లిస్ట్ ఓట్లను, ఆ పార్టీ అప్పటికే గెల్చుకున్న సీట్లకు ఒకటి కలిపి భాగించాలె. ఎవరి భాగఫలం పెద్దదో వాళ్లకు సీటు. సీటు ఇచ్చినంక వాళ్ల భాజకం ఒకటి పెంచి మళ్లీ లెక్క. గిట్ల ఏడుసార్లు.

2011ల ఈశాన్య స్కాట్లండ్ తీసుకుని బోర్డు మీద చేసి చూపియ్యి, అందరికీ అర్థమైతది. అక్కడ ఉన్న 10 నియోజకవర్గాలూ ఎస్‌ఎన్‌పీయే గెలిచింది. లిస్ట్ ఓట్లు దాదాపు 53 శాతం. దాన్ని 11తోటి భాగిస్తే 4.8. మామూలుగైతే పదికి పది గెలిచినోళ్లకు లిస్ట్‌ల ఏం దక్కొద్దు. గని లేబర్‌కు మూడు, కన్జర్వేటివ్‌కు రెండు, లిబరల్ డెమోక్రాట్‌కు ఒకటి పోయినంక, ఏడో సీటుకు మిగిలిన భాగఫలాలన్నీ ఆ 4.8 కంటే తక్కువ ఉన్నయి. ఆ ఒక్కటి గూడ ఎస్‌ఎన్‌పీకే వచ్చింది. రాజ్యమంతట చూస్తే 53 నియోజకవర్గాలు, 16 లిస్ట్ సీట్లు, కలిపి 69.

ఎందుకు జరిగింది? 2010ల లిబరల్ డెమోక్రాట్లు లండన్‌ల కన్జర్వేటివ్‌లతోటి కలిసి ప్రభుత్వం చేసిన్రు. స్కాట్లండ్‌ల వాళ్ల ఓటు కూలిపోయింది, సీట్లు 16 నుంచి 5కు పడ్డయి. ఆ ఓటు ఎక్కువ భాగం లేబర్‌కు పోలె, ఎస్‌ఎన్‌పీకి పోయింది. మిగిలిన పార్టీలు చీలి చిన్నగైతే, దామాషా పద్ధతి గూడ పెద్ద పార్టీని ఆపలేదు. ఏ ఒక్క పార్టీకీ మెజారిటీ రావద్దని కట్టిన కట్ట తెగింది అక్కడ.

2007 సంగతి వేరు. అప్పుడు ఎస్‌ఎన్‌పీకి 47, లేబర్‌కు 46. కన్నింగ్‌హామ్ నార్త్ అనే సీటు 48 ఓట్ల తేడాతోటి వచ్చింది. ఆ 48 ఓట్లతోటే ప్రభుత్వం మారిందని చెప్పొచ్చు నువ్వు.

కోటగోడ:

మానేరు అన్నా, లెక్క చాలా బాగా చెప్పారు. చివరి మాట ఒక్కటి మాత్రం పేపర్‌లో పెట్టకపోతే మంచిది. మీరు చెప్పిన సూత్రం ప్రకారమే, నియోజకవర్గం ఒకటి పోతే ఆ ప్రాంతంలో ఆ పార్టీ భాజకం ఒకటి తగ్గుతుంది, లిస్ట్‌లో దానికి ఇంకో సీటు వచ్చే వీలుంటుంది. గెలిచిన పార్టీ భాజకం పెరిగి వాళ్ల లిస్ట్ సీటు పోవచ్చు. కాబట్టి ఆ 48 ఓట్లు అటు పడితే మొత్తం తిరగబడేదని నేరుగా చెప్పలేం. మన పద్ధతికి అలవాటైన కళ్లతో అక్కడి ఫలితాలు చూస్తే ఈ పొరపాటు తేలిగ్గా వస్తుంది.

మానేరు_ఒడ్డు:

నిజమే సార్, ఒప్పుకుంటున్న. తమ్మీ, '48 ఓట్ల తేడాతో గెలిచిన సీటు' అని మాత్రం రాయి, ప్రభుత్వం మారిందని రాయకు.

జగిత్యాల_రాజ్యశాస్త్రం:

2007 నుంచి 2011 దాకా నడిచిన మైనారిటీ ప్రభుత్వాన్ని ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో సామండ్ పనితనమంతా అక్కడే ఉంది. 129 మందిలో 47 మందితో నాలుగేళ్లు నడిపాడు. మే 16న ఫస్ట్ మినిస్టర్ ఎన్నికలో 49-46తో నెగ్గాడు. సొంతవాళ్లు 47, గ్రీన్‌లు ఇద్దరు. చివరి రౌండ్‌లో కన్జర్వేటివ్‌లు, లిబరల్ డెమోక్రాట్లు ఎటూ ఓటెయ్యలేదు కాబట్టి ఆ సంఖ్య సరిపోయింది.

అలాంటి ప్రభుత్వం ఎలా నడుస్తుంది? ఏటా బడ్జెట్ నెగ్గాలి, మిగతావి సాగినంత సాగుతాయి. 2009 జనవరి 28న బడ్జెట్‌కు 64-64 వచ్చింది, స్పీకర్ స్థానంలో ఉన్న ప్రిసైడింగ్ ఆఫీసర్ ఆనవాయితీ ప్రకారం వ్యతిరేకంగా ఓటెయ్యడంతో ఓడిపోయింది. ఇలాగైతే రాజీనామా చేసి ఎన్నికలకు పోతామని సామండ్ హెచ్చరించాడు. ఎన్నికలు ఎవరికీ అక్కర్లేదు. వారం తిరిగేసరికి చిన్న మార్పులతో అదే బడ్జెట్ 123-2తో పాసైంది.

ఆ నాలుగేళ్లలో వంతెనల టోల్ ఎత్తేశారు, కౌన్సిల్ టాక్స్ పెంచకుండా ఆపారు, డిగ్రీ అయ్యాక విద్యార్థులు కట్టే ఎండోమెంట్ రుసుము తీసేశారు, మందుల చీటీ మీద ఛార్జీ 2011 ఏప్రిల్ 1 నుంచి సున్నా చేశారు. స్థానిక ఆదాయపు పన్ను పెడతామన్న హామీ వదిలేశారు. రెఫరెండం బిల్లు కూడా పక్కన పెట్టారు, ఎందుకంటే సభలో ఓట్లు లేవు. ఈ పార్టీకి పాలన వచ్చు అన్న నమ్మకం కుదిరాకే జనం 2011లో 69 ఇచ్చారు. ఆ ఓటు వేసినవాళ్లంతా స్వాతంత్ర్యం కోరుకున్నవాళ్లు కారు. 2014 ఫలితం ఎందుకు అలా వచ్చిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు రెఫరెండం అధికారం. స్కాట్లండ్ చట్టం ప్రకారం స్కాట్లండ్, ఇంగ్లండ్ రాజ్యాల కలయిక, అంటే యూనియన్, వెస్ట్‌మినిస్టర్ తన దగ్గరే ఉంచుకున్న అంశం. 69 సీట్లున్నా హోలీరూడ్ తనంతట తాను రెఫరెండం పెడితే కోర్టులో సవాలు వచ్చేది. దారి ఏమిటంటే, అదే చట్టం 30వ సెక్షన్ కింద ఒక ఉత్తర్వు చేసి ఆ అధికారాన్ని తాత్కాలికంగా హోలీరూడ్‌కు ఇవ్వడం. 2012 అక్టోబర్ 15న బ్రిటన్ ప్రధాని కామెరాన్, సామండ్ సంతకాలు చేసిన ఎడిన్‌బరో ఒప్పందం అందుకే. బేరం ఎలా కుదిరిందో చూడండి. ఎక్కువ అధికారాలు, కానీ విడిపోకుండా అన్న మూడో దారి కూడా బ్యాలెట్ మీద ఉండనివ్వాలని సామండ్ వైపు నుంచి ప్రయత్నం జరిగింది. కామెరాన్ ఒప్పుకోలేదు, ఒకే ప్రశ్న అన్నాడు. బదులుగా తేదీ ఎంచుకునే వీలు, 16, 17 ఏళ్లవాళ్లకు ఓటు స్కాట్లండ్‌కు దక్కాయి. గడువు 2014 చివరి దాకా.

ప్రశ్న మాటల మీద కూడా పరిశీలన జరిగింది. మొదట 'స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు ఒప్పుకుంటారా' అన్న అర్థంలో రాశారు. 'ఒప్పుకుంటారా' అంటే జవాబును అటువైపు తోసినట్టవుతుందని ఎలక్టోరల్ కమిషన్ చెప్పడంతో ఆ మాట తీసేసి 'స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా' అని నేరుగా పెట్టారు.

ఓటు ఎవరికి? అక్కడ నివసించేవాళ్లకు. లండన్‌లో స్థిరపడిన స్కాట్‌కు లేదు. గ్లాస్గోలో ఉండే పోలండ్ దేశస్థుడికి ఉంది. కామన్వెల్త్ పౌరులకూ ఉంది. కాబట్టి వీసా మీద అక్కడ చదువుకుంటూ ఓటరుగా నమోదైన మన హన్మకొండ విద్యార్థి కూడా ఆ రోజు ఓటెయ్యగలిగేవాడు. జాతీయవాదం అనగానే పుట్టుక, రక్తం అనుకునేవాళ్లకు ఇది తప్పక చెప్పాలి.

సెప్టెంబర్ 18న పోలింగ్ 84.6 శాతం. వద్దు 55.3, కావాలి 44.7. 32 కౌన్సిళ్లలో నాలుగే 'కావాలి' అన్నాయి: గ్లాస్గో, డండీ, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్, నార్త్ లానార్క్‌షైర్. సామండ్ సొంత ప్రాంతం అబర్డీన్‌షైర్‌లో 60 శాతం వద్దన్నారు. మర్నాడే తప్పుకుంటానని ప్రకటించాడు.

ఓటమికి కారణం ఒక్కటే చెప్పాలంటే కరెన్సీ. స్వతంత్ర స్కాట్లండ్ కూడా పౌండ్‌నే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌తో కలిసి వాడుకుంటుందన్నది అతని ప్రణాళిక. 2014 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి ఆస్బోర్న్ ఎడిన్‌బరోకు వచ్చి కుదరదన్నాడు. లేబర్, లిబరల్ డెమోక్రాట్లు కూడా అదే చెప్పారు. అవతలివాడి సమ్మతి మీద ఆధారపడిన ప్రణాళికకు, వాడు కాదంటే రెండో దారి ఉండాలి. ఆగస్టు 5 టీవీ చర్చలో 'వద్దు' ప్రచారం నాయకుడు అలిస్టర్ డార్లింగ్ మళ్లీ మళ్లీ అడిగింది ఆ రెండో దారి ఏదనే. సామండ్ నేరుగా చెప్పలేకపోయాడు. జీతం, పింఛను, ఇంటి అప్పు ఏ డబ్బులో ఉంటాయో తెలియని మనిషి ఓటు దగ్గర వెనక్కి తగ్గుతాడు. చమురు లెక్కా అంతే. స్కాట్లండ్ ప్రభుత్వ శ్వేతపత్రం బ్యారెల్ 110 డాలర్లని అంచనా కట్టింది. 2015 జనవరికి అది 50 కిందికి పడింది. గెలిచి ఉంటే 2016 మార్చి 24న కొత్త దేశం ఆ ధరతో మొదలయ్యేది.

కోటగోడ:

పోలిక సంగతికి వస్తా. 'స్కాట్లండ్ కేసీఆర్' అని పెట్టొద్దు. ఇద్దరూ ప్రాంతీయ పార్టీని అధికారం దాకా తెచ్చిన నాయకులే, ఇద్దరి ప్రస్థానానికీ 2014 కీలకమే. పోలిక అక్కడితో ఆగుతుంది.

తేడా నిర్ణయం ఎవరిదన్న దగ్గర ఉంది. మన రాజ్యాంగం 3వ అధికరణ ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసేది పార్లమెంట్, సాధారణ మెజారిటీతో. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, సమ్మతి అక్కర్లేదు. అందుకే 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేశాయి. మనం ఢిల్లీని ఒప్పించాలి. 2009 ఎన్నికల్లో టీఆర్ఎస్‌కు ఇద్దరు ఎంపీలు, పది మంది ఎమ్మెల్యేలే. ఆ ఏడాది డిసెంబర్ 9 ప్రకటన వచ్చింది సీట్ల బలంతో కాదు, ఉద్యమ బలంతో. సామండ్‌కు లండన్ నుంచి కావలసింది అనుమతి ఒక్కటే. అది దొరికాక ఒప్పించాల్సింది సొంత జనాన్ని. ఇక్కడ జనం ఎప్పుడో తేల్చుకున్నారు, ఢిల్లీ తేల్చలేదు. అక్కడ లండన్ ఒప్పుకుంది, జనం ఒప్పుకోలేదు. పైగా మనం అడిగింది దేశంలోనే ఒక రాష్ట్రం, వాళ్లు అడిగింది వేరే దేశం. మనకు కరెన్సీ ప్రశ్నే రాలేదు.

నిజంగా పోల్చదగింది వాదన కట్టిన తీరు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటల వెనక జయశంకర్ సార్ దశాబ్దాల పాటు పేర్చిన లెక్కలున్నాయి. అక్కడ చమురు లెక్కలు ఆ పని చేశాయి. మా వనరు మాకు దక్కడం లేదన్న బాధను అంకెల్లో చూపగలిగిన ఉద్యమాలే రెండూ. కాకతీయ యూనివర్సిటీ నీడలో చదివే పేపర్‌లో ఈ పోలిక ఉంటే నాకు చాలా సంతోషం.

ఓరుగల్లు_పిల్లగాడు:

చాలా థాంక్స్. శీర్షిక మార్చేస్త. ఇంకొకటి అడుగుత. ఆఖరి పదేళ్లు ఎట్ల రాయాలె? కోర్టు కేసు రాస్తే ఒక తీరు, వదిలేస్తే ఒక తీరు అయితది.

జగిత్యాల_రాజ్యశాస్త్రం:

వదలొద్దు. కోర్టులో తేలింది తేలినట్టు రాయి, చాలు. రెండు వేర్వేరు విషయాలున్నాయి, కలిపెయ్యకు. ఒకటి, సామండ్ లైంగికంగా వేధించాడని మహిళలు ఇచ్చిన ఫిర్యాదులను స్కాట్లండ్ ప్రభుత్వం విచారించిన తీరు. విచారణ అధికారి ముందే ఫిర్యాదుదారులతో మాట్లాడి ఉన్నందున ఆ ప్రక్రియ చట్టవిరుద్ధమని 2019 జనవరిలో స్కాట్లండ్ అత్యున్నత సివిల్ కోర్టు, కోర్ట్ ఆఫ్ సెషన్, తేల్చింది. ప్రభుత్వం అతని ఖర్చుల కింద 5,12,250 పౌండ్లు కట్టింది. అది ప్రక్రియ మీద తీర్పు, ఫిర్యాదులు నిజమా కాదా అన్నదాని మీద కాదు. రెండోది క్రిమినల్ కేసు. 2020 మార్చి 23న జ్యూరీ 12 అభియోగాల్లో నిర్దోషి అంది, ఒకదాంట్లో 'రుజువు కాలేదు' అంది. ఈ మూడో రకం తీర్పు స్కాట్లండ్ చట్టంలో అప్పుడు ఉండేది, దాని ఫలితమూ విడుదలే. ఫిర్యాదు చేసిన మహిళల పేర్లు వెతకొద్దు, రాయొద్దు. కేసు వెనక కుట్ర ఉందని ఒక వర్గం, కాదని మరో వర్గం వాదించుకున్నాయి. నువ్వు ఏ పక్షమూ తీసుకోకు. రాజకీయంగా రాయాల్సింది, 2004 నుంచి అతని పక్కన డిప్యూటీగా ఉండి 2014 నవంబర్‌లో వారసురాలైన నికోలా స్టర్జన్‌తో బంధం పూర్తిగా తెగిపోయిందని, పార్టీ రెండుగా చీలే దాకా వచ్చిందని.

మానేరు_ఒడ్డు:

2021ల అల్బా అనే కొత్త స్వాతంత్ర్యవాద పార్టీల చేరి నాయకుడైండు గదా, అది గూడ లెక్కే తమ్మీ. నియోజకవర్గాలల్ల పోటీ చెయ్యలే, లిస్ట్‌ల మాత్రమే చేసిండు. నియోజకవర్గాలన్నీ ఎస్‌ఎన్‌పీ గెలుస్తే దాని భాజకం పెద్దగై లిస్ట్ ఓట్లు వృథా అయితయి, ఆ ఓట్లు మాకు వెయ్యండి అన్నడు. సూత్రం తప్పు కాదు. ఆ ఎన్నికల్ల ఎస్‌ఎన్‌పీకి పది లక్షల పైన లిస్ట్ ఓట్లకు వచ్చినవి రెండే సీట్లు. గని ఏడు సీట్ల ప్రాంతంల ఒక్క సీటు రావాలన్నా ఐదారు శాతం కావాలె. అల్బాకు రాజ్యమంతట కలిపి 1.7 శాతం. ఒక్క సీటు రాలె. పదేండ్ల కింద తను గెలిచిన అదే సూత్రం, భాజకం తక్కువున్నా పైన పెట్టే ఓట్లు లేకపోయె.

2022 నవంబర్ 23న బ్రిటన్ సుప్రీంకోర్టు, లండన్ ఒప్పుకోకుండ హోలీరూడ్ రెఫరెండం పెట్టరాదని తేల్చింది. అంటే 2012ల ఆయన తెచ్చుకున్న ఆ సంతకం ఎంత విలువైందో పదేండ్లకు కోర్టే చెప్పినట్టు. 2024 అక్టోబర్ 12న ఉత్తర మాసిడోనియాల ఓహ్రిడ్ అనే ఊర్ల, ఒక సదస్సుకు పోయి, అక్కడనే గుండెపోటుతోటి పోయిండు. 69 ఏండ్లు.

20 నిమిషాలంటే 1979కి మూడు, 1997కి రెండు, మైనారిటీ ప్రభుత్వానికి నాలుగు, 2011 లెక్క బోర్డు మీద నాలుగు, రెఫరెండానికి ఐదు, ఆఖరి పదేండ్లకు రెండు పెట్టుకో. బోర్డు లెక్క ముందుగాల్నే కాగితం మీద ఒకసారి చేసుకొని పో, 53ను 11తోటి భాగించేటప్పుడు అక్కడ తడబడొద్దు.